ద్వీపజీవితమూ, అమెచూరు కెమెరా

కథనూ, గేయాన్నీ, నాటకాన్నీ పరీక్షించినంత శ్రద్ధగా మనం ఛాయాచిత్రాన్ని పరీక్షించటం లేదు. బొమ్మ చూడగానే తీసినవాడు ఎవరు, ఏ పక్షంవాడు అని అడుగుతాం. పక్షం తెలిస్తే తీర్పు కూడా సిద్ధమైపోతుంది. ఏ పక్షమూ ప్రకటించని మనిషి తీసినదైతే, "సరదాకు తీసుకున్న బొమ్మలు" అని పక్కన పెడతాం. ఈ పద్ధతి చాలదని నా అభిప్రాయం. ఎందుకు చాలదో చెప్పటానికి మనకు చాలా దూరాన వున్న ఒక ద్వీపాన్నీ, అక్కడ ఆరేళ్లు కాపురమున్న ఒక యువతి తీసిన బొమ్మలనూ తీసుకుంటాను.

స్కాట్లండుకు పడమట, అట్లాంటిక్ సముద్రంలో, హెబ్రిడీస్ అనే ద్వీపాల వరస వున్నది. వాటిలో ఒకటి సౌత్ యూయిస్ట్. అక్కడి ప్రజల భాష గేలిక్. చిన్న చిన్న కమతాలను క్రాఫ్టులంటారు. వాటి మీద కాస్త బంగాళాదుంప, కాస్త ఓట్లు, రెండు ఆవులు, కొన్ని గొర్రెలు, ఆపైన చేపలు. ఇదీ అక్కడి మనిషి ఆస్తి. చెట్లు దాదాపు లేవు గనక వంటచెరకు లేదు. చిత్తడినేలలో వేల ఏళ్లుగా మురిగి గట్టిపడిన నాచుమన్నును ఇటుకల్లా కోసి, ఎండబెట్టి, పొయ్యిలో వేసుకుంటారు. దాన్ని పీట్ అంటారు.

1929లో ఆ ద్వీపానికి మార్గరెట్ ఫే షా అనే అమెరికన్ యువతి వచ్చింది. ఆమె 1903లో పెన్సిల్వేనియాలో పుట్టింది. పిట్స్‌బర్గు ప్రాంతంలో ఉక్కు పరిశ్రమ నడిపిన కుటుంబం. చిన్నతనంలో స్కాట్లండులో ఒక ఏడాది చదువుకుంటున్నప్పుడు, హెబ్రిడీస్ పాటలను కచేరీకి తగినట్టు మెరుగుపెట్టి పాడగా విన్నది. మెరుగు పెట్టకముందు ఆ పాట ఎట్లా వుండేదో వినాలనుకున్నది. అందుకోసం నార్త్ గ్లెన్‌డేల్ అనే చోట మారి, పెగీ అనే మాక్రే అక్కచెల్లెళ్ల ఇంట బస చేసి, 1935 దాకా అక్కడే వున్నది. గేలిక్ నేర్చుకున్నది. పాటలు, సామెతలు, మందులు, అద్దకాల వివరాలు రాసుకున్నది. అవన్నీ 1955లో "ఫోక్‌సాంగ్స్ అండ్ ఫోక్‌లోర్ ఆఫ్ సౌత్ యూయిస్ట్" అనే గ్రంథంగా వచ్చినై. పాటతోపాటు ఆమె చేతిలో ఫొటో కెమెరా వుండేది. చలనచిత్రాలు తీసే పదహారు మిల్లీమీటర్ల కెమెరా కూడా వుండేది. ఫిలిము కంపెనీ ఏదీ ఆమెను పంపలేదు. ఫొటోగ్రఫీ ఆమె వృత్తి కాదు. ఆ అర్థంలోనే ఆమెను అమెచూరు అంటున్నాను.

ఆమె బొమ్మల్లో ఏమున్నది? పీట్ కొయ్యటం, వీపుబుట్టలో మొయ్యటం, ఆవును పితకటం, గొర్రెల బొచ్చు కత్తిరించటం, దాన్ని రాట్నం మీద వడకటం. ఈ బొమ్మలను వరసగా చూసినప్పుడు నాకు తట్టింది ఏమంటే, వీటిలో "దృశ్యం" తక్కువ, పని ఎక్కువ. పనిలో ముందేమిటి, తరవాతేమిటి అనేది కనబడుతుంది. గొర్రె వీపు మీది బొచ్చు, రాట్నం దగ్గర నూలు, ఒంటి మీది బట్ట ఒకదాన్నుంచి ఒకటి పుట్టినట్టు అర్థమవుతుంది. మనుషులు కెమెరావైపు చూసినప్పుడు పరాయి మనిషిని చూసినట్టు చూడరు. ఇంట్లో మనిషి మళ్లీ ఆ పెట్టె పట్టుకొచ్చిందన్నట్టు చూస్తారు.

ఇక్కడ ఒక అపోహను తొలగించాలి. అమెచూరు బొమ్మ వంకరగా, మసకగా వుంటుంది గనక అది నిజాయితీ గలదని పొగిడేవాళ్లు కద్దు. చేతకానితనాన్ని నిజాయితీ అనటం మధ్యతరగతి రసికుల జబ్బుల్లో ఒకటి. షా బొమ్మల్లో మంచివి మంచి ఫొటోగ్రాఫరు తీసినంత పొందికగా వుంటై. మరొక సంగతి: పదహారు మిల్లీమీటర్ల ఫిలిమును కొడక్ కంపెనీ 1923లో అమెచూరుల కోసమే బజారులో పెట్టింది. నూరడుగుల చుట్ట, సెకనుకు పదహారు బొమ్మల వేగాన, సుమారు నాలుగు నిమిషాలు ఆడుతుంది. చేతిలో నాలుగు నిమిషాలే వున్న మనిషి దేనిమీద ఖర్చుపెట్టాలో తేల్చుకోక తప్పదు. షా ఆ నిమిషాలను అస్తమించే సూర్యుడి మీద కాక పనిచేసే చేతుల మీద ఎక్కువగా ఖర్చుపెట్టింది. కళలో ఎంపిక అంటే అదే.

ఇప్పుడు దీని పక్కన మరొక ద్వీపచిత్రాన్ని పెట్టి చూద్దాం. ఐర్లండుకు పడమట గాల్వే అఖాతం ముంగిట అరాన్ దీవులు వున్నై. అక్కడ రాబర్ట్ ఫ్లాహర్టీ తీసిన "మాన్ ఆఫ్ అరాన్" 1934లో విడుదలైంది. అదే సంవత్సరం వెనిస్ ఉత్సవంలో ముస్సోలినీ పేరుమీద ఇచ్చే బహుమతి దానికి వచ్చింది. అలలను తీసిన పద్ధతి చూస్తే నేటికీ ఒళ్లు గగుర్పొడుస్తుంది. అయితే అందులో తల్లి, తండ్రి, కొడుకుగా కనబడేవాళ్లు ఒక కుటుంబంవాళ్లు కారు. ముఖాలు చూసి ఏరుకున్నవాళ్లు. పెద్ద సొరచేపలను బల్లెంతో వేటాడే అలవాటు అక్కడ ఎన్నడో పోయింది. సినిమా కోసం దాన్ని అక్కడివాళ్లకు కొత్తగా నేర్పించవలసి వచ్చింది. బండరాళ్ల మీద ఇసుకా, సముద్రపు నాచూ మోసుకొచ్చి పోసి నేల తయారుచెయ్యటం మాత్రం అక్కడి రైతుల నిజమైన పని. ఆ పనిని ఆయన చూపించాడు. కాని మనుషులు అంత కష్టపడి రాతి మీద నేలను ఎందుకు తయారుచేసుకోవలసి వచ్చిందో, అద్దె ఎవరికి కడుతూ వచ్చారో సినిమాలో ఎక్కడా లేదు. సముద్రం ఒకవైపు, మనిషి ఒకవైపు. మధ్యన భూస్వామి లేడు, బజారు లేదు, ప్రభుత్వం లేదు.

తేడా కేవలం కాలంలో వున్నదా? లేదు. ఫ్లాహర్టీ కూడా అరాన్‌లో సుమారు రెండేళ్లు వున్నాడు. రెండు రోజులుండి పోయిన యాత్రికుడు కాడు. తేడా సంబంధంలో వున్నది. ఫ్లాహర్టీ ద్వీపవాసులకు యజమాని. కూలి ఇచ్చి, తనకు కావలసిన పని తన కెమెరా ముందు చేయించుకున్నాడు. షా మాక్రేల ఇంట బస చేసిన మనిషి. పీట్ కొయ్యటానికి మంచిరోజు ఏదో ఆమె నిర్ణయించదు. వానా, ఎండా, పొయ్యీ నిర్ణయిస్తై. ఆవు పాలివ్వటం కెమెరా కోసం ఆగదు. పనే పెత్తనం చేసే చోట కెమెరా దాని వెంట నడవవలసిందే. ఆమె బొమ్మల్లో పని ముందుకు రావటానికి కారణం ఆమె సిద్ధాంతం కాదు, ఆమె నిలబడిన చోటు. వస్తుగతమైన స్థానం కళాకారుడి ప్రకటిత అభిప్రాయాన్ని దాటిపోగలదని సాహిత్యంలో మనం ఒప్పుకున్నాం. కెమెరా విషయంలో ఒప్పుకోవటానికి వెనకాడటం దేనికి?

అంతమాత్రాన షా బొమ్మలు సంపూర్ణ సత్యమని నేను అనటం లేదు. అవి చూపనిది చాలా వున్నది. అన్నిటికన్నా ముఖ్యం, భూస్వామి. ఆమె వచ్చిననాటికి సౌత్ యూయిస్ట్ యజమానురాలు లేడీ గోర్డన్ కాథ్‌కార్ట్. ద్వీపానికి ఆమె రాకపోకలు లేవన్నంత తక్కువ. 1932లో చనిపోయేదాకా అద్దె మాత్రం ఆమె ఎస్టేటుకు చేరుతూనే వున్నది. పొరుగున వున్న వాటర్సే దీవిలో ఆమె భూమిని ఆక్రమించి గుడిసెలు వేసుకున్నందుకు పదిమంది 1908లో జైలుకు పోయారు. ఇంకా వెనక్కి పోతే, 1851లో అప్పటి యజమాని కర్నల్ గోర్డన్ సౌత్ యూయిస్ట్, బారా దీవుల నుంచి పదిహేనువందల మందికి పైగా జనాన్ని ఓడలకెక్కించి కెనడాకు తోలాడు. రానని కొండల్లోకి పారిపోయినవాళ్లను పట్టి, కట్టి, ఓడెక్కించారు. దీవికి పడమటివైపు ఇసుకనేలలు సారవంతమైనవి. వాటిని గొర్రెల మందలకూ, పెద్ద కమతాలకూ ఖాళీ చేయించినప్పుడు వెళ్లగొట్టబడిన రైతుల్లో చాలామంది తూర్పువైపు రాతినేలలకు చేరారు.

ఈ చరిత్ర తెలిసిన తరవాత షా బొమ్మను మళ్లీ చూడండి. రాళ్ల మధ్య చారెడు బంగాళాదుంపల మడి, దాని వెనక నల్లని కొండ. తెలియకముందు అది అందం. తెలిసిన తరవాత అది తీర్పు. 1886 నాటి చట్టం రైతును వెళ్లగొట్టకుండా రక్షణ ఇచ్చింది. పోయిన పడమటి నేలను మాత్రం తిరిగి ఇవ్వలేదు. ఇదంతా బొమ్మలో వున్నదా అంటే లేదు. బొమ్మకు వ్యతిరేకమా అంటే కాదు. బొమ్మ దాచటం లేదు. చెప్పటం లేదు, అంతే. ఫ్లాహర్టీ సినిమాలో ప్రకృతే శత్రువు గనక భూస్వామికి చోటే లేదు. షా బొమ్మలో శత్రువు పేరు చెప్పలేదు గనక ఆ చోటు ఖాళీగా వున్నది. దాన్ని పూరించటం చూసేవాడి బాధ్యత.

కెమెరా ఎవరి చేతిలో వున్నది అన్న ప్రశ్న కూడా తప్పించుకోరానిది. పెన్సిల్వేనియా ఉక్కు సంపాదన వెనకవున్న చేతిలో కెమెరా వున్నది. పీట్ మోసే చేతిలో బుట్ట వున్నది. పెగీ తీసిన మార్గరెట్ బొమ్మలు వందలకొద్దీ వున్నట్లయితే మనకు మరొక చరిత్ర దొరికేది. ప్రేమ వల్ల ఈ తేడా మెత్తబడుతుంది గాని మాసిపోదు.

ఇక మన పక్షంవాడు. పాల్ స్ట్రాండ్ వామపక్ష భావాలు గల గొప్ప ఫొటోగ్రాఫరు. మకార్థీ కాలపు వేటాడింపు ముదిరిన 1950లో అమెరికా వదిలి ఫ్రాన్సు చేరాడు. 1954లో ఇదే సౌత్ యూయిస్టుకు వచ్చి మూడు నెలలు పనిచేశాడు. ఆ బొమ్మలు బాసిల్ డేవిడ్సన్ రచనతో "టీర్ ఎ వూరన్" అనే పుస్తకంగా 1962లో వచ్చినై. అందులోని ముఖాలు మరపురానివి. తలుపు ముందు నిలబడ్డ ముసలాయన ఎవరికీ తలవంచని మనిషి. తక్కువగా చూడబడిన జనానికి రాజుల చిత్రాలకిచ్చే గౌరవం ఇచ్చాడు స్ట్రాండ్. దాన్ని నేను తక్కువ చెయ్యను. ద్వీపంలో క్షిపణి ప్రయోగస్థలం పెడతామని బ్రిటిష్ ప్రభుత్వం 1955లో ప్రకటించింది గనక ఆ గౌరవానికి రాజకీయమైన అర్థం కూడా ఏర్పడింది. అయినా ఆయన మనుషులు ఎక్కువగా నిలబడి వుంటారు. బొమ్మ కోసం పని ఆగింది. షా మనుషులు వంగి వుంటారు. స్ట్రాండ్ నుంచి వాళ్ల ఆత్మగౌరవం తెలుస్తుంది. షా నుంచి వాళ్ల దినచర్య తెలుస్తుంది. మొదటిదే అభ్యుదయకరమనీ, రెండోది సరదా అనీ అనేవాళ్లు శ్రమను గౌరవించటం గురించి మాట్లాడుతున్నారే గాని శ్రమను చూడటం లేదు.

కెమెరాకు అందనిదీ కొంత వున్నది. పీట్ పొయ్యి వెలుగులో, చీకటి పూరింట్లో, ఆనాటి ఫిలిము మీద బొమ్మ పడటం కష్టం. నేసిన ఉన్నిబట్టను తడిపి, బల్ల చుట్టూ కూచుని ఆడవాళ్లు లయగా బాది గట్టిపరుస్తూ పాడే పాటలు ఆ ఇళ్లల్లోవే. మన దంపుళ్ల పాటల్లాగే ఆ పాట పనికి తోడు కాదు, పనిలో భాగం. చేతులన్నీ ఒక్కసారి పడటానికి పాట కావాలి. షా గ్రంథంలో ఆ పాటలకు పెద్ద చోటే దొరికింది. పగటిపని ఫిలిము మీద, రాత్రిపని స్వరలిపిలో. రెంటినీ కలిపి చూస్తేనే ఆమె చేసిన పని పరిమాణం తెలుస్తుంది. పాట కోసం వచ్చిన మనిషి గనకనే పాట పుట్టే పనిని చూడగలిగిందని నా నమ్మకం.

2006లో సౌత్ యూయిస్ట్ ఎస్టేటును, చుట్టుపక్కల దీవులతో సహా, సుమారు 93,000 ఎకరాలను ద్వీపవాసుల సంస్థ కొనుక్కున్నది. అది ఫొటోల వల్ల జరగలేదు. తరాల తరబడి సాగిన భూమి తగాదాల వల్ల, చివరకు వచ్చిన చట్టాల వల్ల జరిగింది. బొమ్మలు భూమి తెచ్చిపెట్టవు. అయితే భూమి తమదని చెప్పుకునే జనానికి, ఆ నేల మీద తమ అవ్వలు ఏ పని ఎట్లా చేశారో చూపే సాక్ష్యం వుండటం చిన్న సంగతి కాదు. ఎస్టేటు లెక్కల్లో వాళ్లు బాకీదారులు. షా బొమ్మల్లో వాళ్లు పనివాళ్లు.

ఇవాళ మన విద్యార్థుల్లో కెమెరా లేని చెయ్యి అరుదు. సెలవుల్లో వూరికి పోయి వరినాట్లూ, వలలూ, మగ్గాలూ తీసుకొస్తున్నారు. ఆ బొమ్మలను విమర్శించేటప్పుడు పక్షం అడగటం మాననక్కర్లేదు. దానితోబాటు ఇంకొన్ని అడగండి. తీసినవాడు ఆ మనుషులకు యజమానా, అతిథా, బాకీపడ్డవాడా? పని మొదలూ తుదీ బొమ్మల్లో తెలుస్తున్నదా, లేక పనిముట్టు అలంకారంగా వున్నదా? ఆ నేల ఎవరిది, కూలి ఎంత, అప్పు ఎవరి దగ్గర? ఈ చివరి ప్రశ్నకు కెమెరా జవాబు చెప్పలేకపోతే, బొమ్మ కింద ఆ నాలుగు ముక్కలూ తీసినవాడే రాయాలి. షా ఆ పని చెయ్యలేదు. మనం చెయ్యవచ్చు.