బాంబరు స్థావరంలో నిత్యజీవితం: మాటలు, మరుగులు

రెండవ ప్రపంచయుద్ధం నాటి బాంబరు విమానాల స్థావరాలను గురించి ఇంగ్లీషులో విస్తారమైన సాహిత్యం వచ్చింది. దాన్ని యుద్ధసాహిత్యం అన్న ఒక్క పేరు కింద జమకట్టడం పరిపాటి. ఆ వర్గీకరణ కొంతవరకే సరి అని మా అభిప్రాయం. కాల్బలంలోని సైనికుడు యుద్ధంలోనే తింటాడు, యుద్ధంలోనే నిద్రపోతాడు. బాంబరు వైమానికుడి సంగతి అది కాదు. పగలు పేకాట ఆడతాడు, ఇంటికి ఉత్తరం రాస్తాడు, సాయంత్రం విమానం ఎక్కుతాడు, తిరిగి వస్తే తెల్లవారుజామున తన మంచం మీదనే పడుకుంటాడు. గుడ్లు కరువైన ఆనాటి బ్రిటన్‌లో దాడికి పోయే వైమానికుడికి మాత్రం భోజనంలో గుడ్డు ఉండేది. ఇల్లూ యుద్ధరంగమూ ఒకే దినచర్యలో కలిసిపోయిన ఈ జీవితాన్ని రచయితలు ఏ భాషలో పట్టుకున్నారు, ఎవరి భాషను వదిలేశారు అన్నదే ఇక్కడ మా పరిశీలన.

ముందుగా ఆ స్థావరాల వాడుక భాషను చూద్దాం. బ్రిటిష్ వైమానికదళంలో ఒకడు తిరిగి రాకపోతే ‘చనిపోయాడు’ అనేవారు కారు. ‘బర్టన్ కోసం పోయాడు’ అనేవారు. ఈ పలుకుబడి పుట్టుకను గురించి భిన్నాభిప్రాయాలున్నాయి. బర్టన్ బీరుకు పేరుపడ్డ ఊరు కనుక, బీరు తాగడానికి అలా బయటికి వెళ్ళాడన్నది ఒక వివరణ. చావును చావు అనకపోవడం మనకు కొత్త కాదు. మన ఇళ్ళలో దీపం ఆరిపోదు, కొండెక్కుతుంది. డబ్బాలో బియ్యం అయిపోవు, నిండుకుంటాయి. గడప దాటేవాడు ‘పోతా’ అనడు, ‘పోయొస్తా’ అంటాడు. భాషాశాస్త్రం దీన్ని మంగళభాషణం అంటుంది. అయితే ఒక తేడా ఉంది. మన మాటలు తరతరాలుగా వస్తున్న ఆచారం. వాళ్ళ మాటలు అవసరం. బ్రిటిష్ బాంబర్ కమాండ్‌లో పనిచేసిన సుమారు 1,25,000 మంది వైమానికులలో 55,573 మంది మరణించారు. అటువంటి చోట ప్రతి మరణాన్నీ దాని పేరుతో పిలిస్తే మరునాటి దినచర్య సాగదు.

ఈ భాషను చేరువగా విన్న రచయిత హెచ్. ఇ. బేట్స్. వైమానిక మంత్రిత్వశాఖ ఆయనను కథలు రాయడానికే నియమించింది. ‘ఫ్లయింగ్ ఆఫీసర్ ఎక్స్’ అన్న మారుపేరుతో 1942లో ‘ది గ్రేటెస్ట్ పీపుల్ ఇన్ ది వరల్డ్’ వెలువడింది. తగ్గించి చెప్పడం ఆయన శిల్పం. అదే ఆయన పరిమితి కూడా. ప్రభుత్వం కోరి రాయించిన కథ వైమానికుల మౌనాన్ని గౌరవించగలదు కాని, ఆ మౌనం ఎవరికి ఉపయోగపడుతున్నదని అడగలేదు.

ఆ ప్రశ్న అడిగినవాడు జోసెఫ్ హెల్లర్. స్వయంగా 60 దాడుల్లో పాల్గొన్న అమెరికన్ బొంబార్డియర్. 1961లో వచ్చిన ‘క్యాచ్-22’లో ఇటలీ దగ్గరి ఒక ద్వీపంలోని స్థావరం కథారంగం. అందులో యోసారియన్ గుడారంలో ఒక చనిపోయినవాడి సామాను పడి ఉంటుంది. హాజరు పట్టీలో పేరు ఎక్కకముందే అతను దాడికి పోయి మరణించాడు. కనుక కాగితాల ప్రకారం అతను రానేలేదు, రానివాడి సామానును తీయించడం ఎవరివల్లా కాదు. మరొకచోట డాక్టర్ డానీకా కళ్ళెదుట బతికే ఉంటాడు. కాని కూలిపోయిన విమానంలో ఉన్నట్లు అతని పేరు రాసి ఉంది. కనుక అతను మృతుడు. ఇవి హాస్యం కోసం అల్లిన సంఘటనలుగానే చదివేవారున్నారు. స్థావరంలో మంగళభాషణం మనుషుల నోటి నుంచి కార్యాలయపు కాగితాలకు ఎక్కినప్పుడు ఏమవుతుందో చూపిన ఘట్టాలివి. బేట్స్ దగ్గర ఓదార్పుగా ఉన్న మాట హెల్లర్ దగ్గర అధికారమైంది.

లెన్ డైటన్ నవల ‘బాంబర్’ (1970) పరిధిని ఇంకా పెంచింది. క్యాలెండరులో లేని 1943 జూన్ 31వ తేదీన జరిగినట్లు కల్పించిన ఒకే దాడి అందులోని వస్తువు. విమానాలను సిద్ధం చేసే మెకానిక్కులు, ఎదుటి పక్షపు వైమానికులు, బాంబులు పడ్డ జర్మన్ పట్టణపు జనం అందరికీ అందులో చోటు దొరికింది.

అయినా ఒక వెలితి మిగిలే ఉంది. అది మనకు సంబంధించినది. 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖపట్నం, కాకినాడలపై బాంబులు వేశాయి. అదే సంవత్సరం డిసెంబరు 1న విశాఖలో భారత వైమానికదళపు 7వ స్క్వాడ్రన్, తిరుచిరాపల్లిలో 8వ స్క్వాడ్రన్ ఏర్పడ్డాయి. రెండూ వెంజెన్స్ డైవ్ బాంబర్లు నడిపినవే. ఆలంగాయానికి పడమట ఉన్న కోలారులో 1944లో నాలుగు ఇంజన్ల లిబరేటర్ బాంబర్లపై శిక్షణ జరిగింది. ఆ నవంబరులో 358వ స్క్వాడ్రన్ అక్కడే పుట్టింది. తూర్పున అరక్కోణంలో యుద్ధకాలపు విమానక్షేత్రం ఉన్నచోట 1992 మార్చి 11న నౌకాదళపు ఐ.ఎన్.ఎస్. రాజాళి ప్రారంభమైంది. అంటే రాయవేలూరు, గుడియాత్తం, వాణియంబాడి ప్రాంతం ఈ చరిత్రకు దూరమైనది కాదు.

ఇటువంటి స్థావరాల్లో దినచర్య నడవాలంటే వంటవాళ్ళు, చాకళ్ళు, ఊడ్చేవాళ్ళు, గంపలతో కంకర మోసే ఆడవాళ్ళు కావాలి. బ్రిటిష్ సైనికుల వాడుకలో టీ ‘చార్’ అయింది, బట్టలుతకడం ‘దోబీ’ అయింది, ఒక చూపు ‘డెక్కో’ అయింది. మన దేశపు మాటలు వారి నోటికి ఎక్కాయి. ఆ మాటలు అన్న మనుషులు మాత్రం వారి పుస్తకాల్లోకి మనుషులుగా ఎక్కలేదు. చాకలి అక్కడ ఒక పదం మాత్రమే. విమానం తిరిగి రాని రోజున ఉతికి మడతపెట్టిన చొక్కాలు ఎవరికి అప్పగించాలో తెలియక నిలబడినవాడు ఏ భాషలో ఏమనుకున్నాడో బేట్స్ గాని, హెల్లర్ గాని చెప్పగలిగినది కాదు.

మన సాహిత్యం ఈ లోటును ఎంతవరకు తీర్చింది? యుద్ధాన్ని తెలుగు కథకులు ఎక్కువగా ధరల్లో, కరువులో, బ్లాకు మార్కెట్టులో చూశారు. అది సరైన చూపే. యుద్ధం చాలా ఇళ్ళకు వచ్చిన దారి అదే. తిలక్ ‘సైనికుడి ఉత్తరం’ దూరాన ఉన్న సైనికుడికి తెలుగు గొంతు ఇచ్చింది. ఇంటికీ స్థావరానికీ మధ్య రోజూ నడిచి పనిచేసినవారికి ఆ గొంతు అందవలసి ఉంది.

1944లో ఇరవై ఏళ్ళున్నవారికి నేడు నూరేళ్ళు దాటి ఉంటాయి. కనుక మన విద్యార్థులకు దొరికేది వారి పిల్లలు, మనవలు విన్న మాటలే. వాటిని సేకరించేటప్పుడు ఒక జాగ్రత్త అవసరం. మన ప్రాంతపు తెలుగులో తమిళం కలిసి ఉంటుంది. ‘యాడ’, ‘ఉండాది’ వంటి రూపాలుంటాయి. పరీక్షలో మార్కులు పోతాయని వాటిని ‘ఎక్కడ’, ‘ఉన్నది’ అని దిద్దడం మనకు అలవాటైంది. ఇక్కడ మాత్రం దిద్దకూడదు. ‘బర్టన్ కోసం పోయాడు’ అన్న మాటను ఎవరో ‘మరణించాడు’ అని సరిచేసి రాసి ఉంటే ఆ స్థావరాల నిత్యజీవితం మనకు తెలిసేదే కాదు. మన ముసలమ్మ ‘పోయొస్తానని చెప్పి పోయినాడు’ అంటే దాన్ని ‘వెళ్ళిపోయాడు’ అని రాయడం కూడా అటువంటి నష్టమే.