రాయి దారిచ్చిన వెలుగు

ఎల్లారెడ్డి నుంచి మెదక్ వచ్చే బస్సు పోచారం అడవిని దాటి మైదానంలోకి దిగాక, పొలాల మీదుగా చాలా దూరం నుంచే మెదక్ చర్చి గోపురం కంటబడుతుంది. ఎత్తు 175 అడుగులు. కామారెడ్డి వాళ్లకు దారి వేరు. పెద్ద రోడ్డు మీద రామాయంపేట దాకా వచ్చి అక్కడ మలుపు తిరగాలి. ఏ దారిన వచ్చినా చేరేది ఆ గోపురం కిందికే. క్రిస్మస్‌కీ గుడ్ ఫ్రైడేకీ ఈ రెండు ఊళ్ల నుంచి కుటుంబాలకు కుటుంబాలే సద్దులు కట్టుకుని వస్తాయి. మామూలు ఆదివారాల్లో ఏ మతమూ అడ్డురాకుండా అందరూ వస్తారు. వచ్చినవాళ్లలో నూటికి తొంభైమంది నేరుగా లోపలికి నడిచి, తలెత్తి రంగుటద్దాలు చూసి, ఫొటో దిగి వెళ్లిపోతారు.

అద్దాలు చూడదగ్గవే, అందులో పేచీ లేదు. కానీ ముందు రాయిని చూడాలన్నది నా వాదన. ఆ రాయి అంత ఒద్దికగా పక్కకు తప్పుకోకపోతే అద్దానికి చోటే ఉండేది కాదు.

మన పాత కట్టడాల్లో గోడే బరువు మోస్తుంది. కోట చూడండి, గడీ చూడండి: గోడ మందం, కిటికీ చిన్నది. గోడకు పెద్ద కంత పెడితే పైబరువు దిగే తోవ తెగిపోతుందని మేస్త్రీలకు భయం. యూరప్‌లో 12వ శతాబ్దంలో పుట్టిన గోథిక్ పద్ధతి ఆ భయానికి జవాబు కనిపెట్టింది. కమానును గుండ్రంగా కాకుండా పైన మొనదేలేలా కడితే బరువు పక్కలకు తన్నడం తగ్గి, నిటారుగా కిందికి దిగుతుంది. దిగిన బరువును స్తంభాలు అందుకుంటాయి. ఇంకా మిగిలిన తోపుడును గోడకు బయటి నుంచి ఆనించిన రాతి దిమ్మెలు ఆపుతాయి. గోడకు ఇక మోసే పని తగ్గిపోయింది కాబట్టి దాన్ని నిలువునా చీల్చి అద్దం పెట్టుకోవచ్చు. మెదక్ చర్చిలో ఆల్టరు వెనక కిటికీ అంత పెద్దగా ఉండగలగడానికి కారణం ఆ స్తంభాలూ ఆ కమానులే. కళ్లు అద్దం మీదికి పోతాయి, నిజమే. ఒక్కసారి అద్దం అంచు దగ్గర ఆగి, దాన్ని పట్టుకున్న రాతి చట్టాన్ని చూడండి. అసలు పనితనం అక్కడుంది.

నక్షా గీసింది ఇంగ్లండ్‌లోని బోల్టన్ పట్టణపు బ్రాడ్‌షా గాస్ అండ్ హోప్ సంస్థ. ఇది నూలు మిల్లుల ఊళ్లో పెరిగిన సంస్థ. 1914 నుంచి 1921 వరకు మాంచెస్టర్‌లోని రాయల్ ఎక్స్ఛేంజిని, అంటే పత్తి బేరాలు సాగే మహా మందిరాన్ని విస్తరించిందీ వీళ్లే. దాదాపు అదే కాలంలో, 1914లో మొదలై పదేళ్లపాటు, మెదక్‌లో ఈ చర్చి లేచింది. 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరిగింది. పొడవు 200 అడుగులు, వెడల్పు 100 అడుగులు. లోపల అయిదు వేలమంది పడతారని చెబుతారు.

కట్టించినాయన పేరు చార్లెస్ వాకర్ పాస్నెట్. 1895లో సికింద్రాబాద్ వచ్చి, మొదట తిరుమలగిరి దండులో సిపాయిల మధ్య పనిచేసి, మరుసటేడు మెదక్ చేరిన వెస్లియన్ మెథడిస్టు పాదిరి. కరువు రోజుల్లో ఊరికే గంజి పోయకుండా పని చూపించి కూలి ఇచ్చాడని, ఆ పనే ఈ చర్చి అని ఇక్కడ ఇంటింటా చెబుతారు. ఎంతమంది పనిచేశారన్న లెక్క ఒక్కొక్కరి నోట ఒక్కోలా పెరుగుతూ పోతుంది కాబట్టి దాని జోలికి పోను. ఆ చేతులు ఏం చేశాయో మాత్రం కళ్లెదుటే ఉంది.

ఆ కాలంలో ఈ ప్రాంతమంతా రాతిపనిలో మునిగి ఉంది. ఎల్లారెడ్డి దారిలో మనం దాటొచ్చిన పోచారం చెరువు కట్ట 1916–1922 మధ్య కట్టిందే. చర్చి ముగింపుకొస్తుండగా, 1923లో, మంజీర మీద నిజాంసాగర్ మొదలైంది. అది పూర్తయ్యేసరికి 1931. కామారెడ్డి పక్కన దోమకొండ కోట అంతకు ఎంతో ముందే ఉంది. ఇన్ని పనులు జరిగిన నేల మీద ఉలికీ సుత్తికీ కొరత ఉండే ప్రసక్తే లేదు. కొత్తదల్లా ఆ ఉలికి అందిన కాగితం. కట్టకు పేర్చే రాయి కాస్త అటూ ఇటూ అయినా సున్నం సర్దుకుంటుంది. మొనదేలిన కమానులో అలా కుదరదు. ప్రతి రాయికీ తనదైన వాలు, తనదైన చోటు ఉంటాయి. పక్కరాయితో ముఖం కలవకపోతే పైన కమాను మొన పక్కకు పోతుంది. బోల్టన్‌లో ఎవరో గీసిన గీతను మెదక్‌లో గ్రానైటు మీద దించాలి, అదీ ఎప్పుడూ చూడని ఆకారంలో.

ఆ గ్రానైటే ఈ చర్చి ముఖాన్ని తీర్చిందని నాకనిపిస్తుంది. ఇంగ్లండ్, ఫ్రాన్సుల పెద్ద గోథిక్ చర్చిలు ఎక్కువగా సున్నపురాయితో కట్టినవి. అది మెత్తన. ఆకులూ తీగలూ చెక్కుకోవచ్చు, జాలీలా తొలుచుకోవచ్చు. తెలంగాణ రాయి అంత తేలిగ్గా లొంగదు. కాకతీయులైనా సన్నని శిల్పానికి నల్లరాతిని వెతుక్కున్నారు. మెదక్‌లో వాడిన బూడిదరంగు రాయికి ఆ సోకులు లేవు. దాని అందమంతా చక్కదనంలో ఉంది. గ్యాలరీని మోసే లావుపాటి స్తంభాల దగ్గర నిలబడి రెండు రాళ్లు కలిసేచోట వేలు పెట్టి తడిమి చూడండి. సందు సన్నగా, తిన్నగా ఒకే మట్టంలో పోతుంది. రాయి అంచు పెళుసుగా రాలిపోయే రకం. ఒక్క దెబ్బ అటుపడితే మూల ఊడుతుంది, ఊడిన మూలను అతికించే మందు లేదు. అలాంటి రాయికి వందల చోట్ల మూల చెడకుండా కోణం పట్టడం చిన్న పని కాదు. శిల్పం చెక్కినవాణ్ని మనం ఎప్పుడూ మెచ్చుకుంటాం. సాదా రాయిని సాదాగా నిలబెట్టినవాడికి మెప్పు దొరకదు.

పైకి చూస్తే కప్పు కిందిభాగం గొడుగు కడ్డీల్లా విచ్చుకుని కమానులు కమానులుగా సాగుతుంది. ఇందులో కంటికి కనిపించని పని ఒకటుంది. రాతి గోడలు, గట్టి నేల, ఇంత ఎత్తు. మామూలుగా అయితే ఇలాంటి హాల్లో ఒక మాట అంటే పది మాటలై తిరిగొస్తుంది. 1924 నాటికి మైకులు మన దగ్గరికి రాలేదు. వాక్యం చెప్పేవాడి గొంతు వేలమందికి చేరాలి, పైగా ముద్దగా కాకుండా మాట మాటగా చేరాలి. అందుకని కప్పులో బోలుగా ఉండే స్పాంజిలాంటి పదార్థం వాడి ప్రతిధ్వనిని మింగేలా చేశారు. చూసేవాళ్లకు కప్పు ఎత్తు తెలుస్తుంది కానీ ఈ సంగతి తెలియదు. జనం పలచగా ఉన్నప్పుడు మెల్లగా ఒక కీర్తన పాడి వినండి, తేడా పట్టుబడుతుంది.

కింద పరిచింది ఆరు రంగుల మొజాయిక్ పలకలు. పలకలు బ్రిటన్ నుంచి వచ్చాయి, పరచడానికి మేస్త్రీలు ఇటలీ నుంచి. ఇటలీ వాళ్లకు ఈ విద్య రోమన్ల కాలం నాటిది. చెప్పులు వాకిట్లో విడిచి నడిచే మన అలవాటు వల్ల ఈ నేల పనితనం కంటికన్నా ముందు పాదానికే తెలుస్తుంది. ఒక పలక పైకి లేచి తగలదు, ఒకటి దిగిపోయి ఉండదు. ఆరు రంగులున్నా ఏదీ అరవదు. అరిచి ఉంటే కిటికీల రంగుతో పోటీ పడేది.

ఇక కిటికీలు. ప్రతిష్ఠ జరిగిన రోజున ఈ మూడు పెద్ద అద్దాల్లో ఒక్కటీ లేదు. ఆల్టరు వెనక, ఉత్తరాన, క్రీస్తు ఆరోహణ దృశ్యం 1927లో వచ్చింది. పడమటి వైపు జనన దృశ్యం 1947లో. తూర్పు వైపు సిలువ దృశ్యం 1958లో. మొదటిదానికీ చివరిదానికీ నడుమ 31 ఏళ్లు. ఆ మధ్యలో ఒక ప్రపంచ యుద్ధం నడిచింది, తెల్లదొరల పాలన పోయింది, 1947 సెప్టెంబరులో దక్షిణ భారత క్రైస్తవ సంఘం ఏర్పడి మెథడిస్టుల ఈ చర్చి అందులో కలిసి బిషప్ పీఠమైంది, మెదక్ జిల్లా నిజాం రాజ్యం నుంచి హైదరాబాద్ రాష్ట్రంలోకి, అక్కడి నుంచి ఆంధ్రప్రదేశ్‌లోకి మారింది. అయినా మూడింటి వెనకా ఉన్నది ఒకే చిత్రకారుడు, లండన్‌కు చెందిన ఫ్రాంక్ ఓ. సాలిస్‌బరీ. రాజులవీ ప్రధానులవీ రూపచిత్రాలు గీసి పేరు తెచ్చుకున్నాడు. అమెరికా అధ్యక్షుడు ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ చిత్రం ఆయన గీసిందే. కానీ కుర్రతనంలో ఆయన పని నేర్చింది అన్నగారి రంగుటద్దాల కార్ఖానాలో. స్వయంగా మెథడిస్టు భక్తుడు. తూర్పు కిటికీ పెట్టేనాటికి వయసు ఎనభై దాటింది.

రంగుటద్దం మీద బొమ్మ గీస్తారని చాలామంది అనుకుంటారు. రంగులో ఎక్కువ భాగం అద్దంలోనే ఉంటుంది. కరుగుతున్న గాజులో కోబాల్టు కలిపితే నీలం, బంగారం కలిపితే ఎరుపు. ఆ పలకలను నమూనా ప్రకారం ముక్కలుగా కోస్తారు. ముఖాలూ వేళ్లూ బట్టల మడతలూ లాంటి సన్నని గీతలకు మాత్రం గాజుపొడీ ఇనుప భస్మమూ కలిపిన గోధుమరంగును పూసి బట్టీలో కాలుస్తారు, రంగు గాజులో కలిసిపోతుంది. పసుపుకు వెండి లవణం వాడతారు. తర్వాత ముక్క అంచులను సీసపు పట్టీల్లో దూర్చి, ఒకదానితో ఒకటి మాటు వేసి కలుపుతారు. ఈ సీసపు గీత ఎక్కడ పోవాలన్నదే చిత్రకారుడి అసలు పరీక్ష. చెంప మీదుగా పోతే ముఖం పగిలినట్టుంటుంది. మెడ వంపులో, భుజం అంచున, వస్త్రం మడతలో కలిపేస్తే కంటికి ఆనదు. మెదక్ కిటికీల్లో ఆ నల్లగీతలను వెతుకుతూ కాసేపు గడపండి. బొమ్మలో కలిసిపోయి అవి తప్పించుకుంటూ ఉంటాయి.

సూర్యుడు కుంకితే అద్దాల్లో బొమ్మలు మాయమవుతాయని ఊళ్లో వింతగా చెబుతారు. ఇందులో మహిమ లేదు. బయటి వెలుగు లోపలి వెలుగు కన్నా ఎక్కువగా ఉన్నంతసేపే రంగుటద్దం బతుకుతుంది. దీనికన్నా గొప్ప వింత ఆ కిటికీల దిక్కుల్లో ఉంది, దాన్ని ఎవరూ చెప్పరు. తూర్పున సిలువ, పడమట జననం. అంటే పొద్దున ఎండ పడేది మరణం మీద, సాయంత్రం ఎండ పడేది పుట్టుక మీద. క్రిస్మస్ నాడు తెల్లవారుజాము ఆరాధనకు చలిలో వణుక్కుంటూ వచ్చినవాళ్లకు పశువుల తొట్టి దృశ్యం నల్లటి పలకగానే కనిపిస్తుంది. అది నిండుగా విచ్చుకోవడానికి మధ్యాహ్నం దాటాలి. డిసెంబరులో సూర్యుడు బాగా దక్షిణానికి వాలి ఉంటాడు కాబట్టి ఉత్తరపు ఆరోహణ కిటికీకి రోజంతా నేరుగా ఒక్క కిరణమూ తగలదు. నీడపట్టు వెలుగులోనే అది నిలకడగా ఉంటుంది. చిత్రకారులు తమ గదులకు ఉత్తరపు కిటికీ కోరుకునేది ఆ నిలకడ కోసమే. అయితే మెదక్ 18 డిగ్రీల అక్షాంశం మీద ఉంది. మే రెండోవారం నుంచి జూలై ఆఖరు దాకా ఇక్కడ మిట్టమధ్యాహ్నపు సూర్యుడే కొంచెం ఉత్తరానికి జరుగుతాడు. ఈస్టరు తర్వాత నలభయ్యో రోజున వచ్చే ఆరోహణ పండుగ తరచూ ఆ మే నెలలోనే పడుతుంది. లండన్‌లో కూర్చున్న సాలిస్‌బరీకి ఈ లెక్క తట్టిందో లేదో గానీ, అక్కడి ఉత్తరపు కిటికీ మధ్యాహ్నపు ఎండ ఎన్నడూ ఎరగదు, మన కిటికీ ఎరుగుతుంది.

బయట నుంచి చూసినప్పుడు మాత్రం గోపురం నాకు కాస్త బిర్రబిగుసుకున్నట్టే అనిపిస్తుంది. లోపలున్న ఉదారత బయట లేదు. చార్మినార్ కన్నా ఎత్తవుతుందని నిజాం అభ్యంతరం పెట్టాడన్న కథ ఒకటి చెలామణీలో ఉంది. చార్మినార్ ఎత్తును కొందరు 160 అడుగులని, కొందరు 184 అని రాస్తారు. కాబట్టి ఎవరు గెలిచారన్నది కొలిచినవాళ్ల మీద ఆధారపడుతుంది. ఇంకో పొరపాటు కూడా తరచూ వినబడుతుంది. ఇది క్యాథలిక్ చర్చి కాదు. క్యాథలిక్ కెథడ్రల్ హైదరాబాద్ గన్‌ఫౌండ్రీలో, ట్రాఫిక్ నడుమ ఉన్న సెయింట్ జోసెఫ్స్. మెథడిస్టులు మామూలుగా ఆడంబరం ఎరుగనివాళ్లు, నాలుగు గోడలూ ఒక వేదికా చాలనుకునే సంప్రదాయం వాళ్లది. అలాంటివాళ్లు ఒక పల్లెటూళ్లో ఇంత కట్టడం తలపెట్టడం అప్పట్లో వాళ్లలో వాళ్లకే ఆశ్చర్యం కలిగించి ఉండాలి.

కామారెడ్డి వాళ్లకు ఇప్పుడు రైలు దారి కూడా ఉంది. నిజామాబాద్ లైన్లో అక్కన్నపేట దాకా వస్తే అక్కడి నుంచి మెదక్‌కు 2022లో పట్టాలు పడ్డాయి. ఎలా వచ్చినా పండుగ రోజు కాకుండా మామూలు రోజు ఎంచుకోండి, వీలైతే శీతాకాలంలో. పొద్దున తొమ్మిది లోపు చేరితే తూర్పు కిటికీ దొరుకుతుంది. ఎండ నెత్తికెక్కాక స్తంభాలూ నేలా చూడండి, తర్వాత ఊళ్లో భోంచేసి, ఓపికుంటే మెదక్ ఖిల్లా ఎక్కి రండి. మూడున్నర, నాలుగింటికి మళ్లీ లోపలికి వెళ్లి పడమటి కిటికీ ఎదుట కూర్చోండి. ఎల్లారెడ్డి వైపు ఆఖరి బస్సు ఎన్నింటికో పొద్దున దిగినప్పుడే స్టాండులో అడిగి పెట్టుకుంటే మంచిది.