వత్తు దగ్గర తెలిసే పనితనం

కొత్త తెలుగు ఫాంటు చేతికొస్తే నేను ముందు ‘అ’ చూడను, ‘స్త్రీ’ కొట్టి చూస్తాను. త వత్తు కింద ఇమడాలి, ర వత్తు దానికి అడ్డం రాకూడదు, పైన గుడి దీర్ఘం నిలవాలి, ఇంత జరిగినా పక్క లైన్లకు తగలకూడదు. కంప్యూటర్ లెక్కలో ఆ ఒక్క అక్షరం ఆరు సంకేతాలు: స, పొల్లు, త, పొల్లు, ర, గుడి దీర్ఘం. వాటిని ఏ రూపంలో, ఎక్కడ కూర్చాలో చెప్పే నియమాలు ఫాంటులోనే రాసిపెట్టాలి. గీయడంతో సగం పనే అవుతుంది.

ఆ గీయడమైనా తేలికా? తలకట్టు ఒకటి గీసుకుని అన్నిటికీ అంటించేయవచ్చనిపిస్తుంది. ‘క’కు అది అతుక్కుని ఉంటుంది, ‘ప’ మీద విడిగా ఉంటుంది, ‘జ’, ‘బ’లకు అసలుండదు. ఇక వత్తులకు చోటివ్వాలంటే అక్షరం చిన్నదవుతుంది, ఇంగ్లిష్ పక్కన వెలవెలబోతుంది. పెద్దది చేస్తే లైన్ల మధ్య ఎడం, అంటే లీడింగ్, పెంచాలి. ఇంగ్లిష్ కొలతకు కట్టిన యాప్‌లలో బటన్ల మీద మన వత్తులు సగానికి తెగిపోయేది ఇందుకే.

యూనికోడ్‌లో తెలుగుకు 1991లోనే చోటు దొరికింది. అందంగా కనిపించే ఉచిత ఫాంట్ల కోసం మాత్రం చాలాకాలం ఎదురుచూశాం. పురుషోత్ కుమార్ గుత్తుల రూపొందించిన ఎన్టీఆర్, రామభద్ర వంటివి సిలికానాంధ్ర సంస్థ ద్వారా అందరికీ అందాయి. పత్రికల్లో, పెళ్లి శుభలేఖల్లో ఇలాంటి ఫాంట్లను రోజూ చూస్తాం. గీసిన మనిషి పేరు ఎందరికి తెలుసు? సినిమా పోస్టర్ మీద టైటిల్ రాసినవాడికున్న గుర్తింపు కూడా ఫాంట్లు గీసేవాళ్లకు లేదు. ఇది నాకు నచ్చని సంగతి.

అక్షరాల కూర్పు తప్పితే ఏమవుతుందో 2018 ఫిబ్రవరిలో లోకమంతా చూసింది. జ, పొల్లు, ఞ, కంటికి కనబడని ఒక సంకేతం, దీర్ఘం ఆ వరుసలో వస్తే చాలు, ఐఫోన్‌లో యాప్‌లు కుప్పకూలేవి. తప్పు ఫాంటు గీసినవారిది కాదు, అక్షరాలను కూర్చే సాఫ్ట్‌వేర్‌ది. ఐఓఎస్ 11.2.6తో ఆపిల్ దాన్ని సరిచేసింది. తెలుగు చదవగలిగినవాళ్లు ఆ సాఫ్ట్‌వేర్ దగ్గర ఇంకొందరు ఉండాలని నాకు అప్పుడే గట్టిగా అనిపించింది.

ఫాంటు పనికి గీతా కావాలి, కంప్యూటరూ కావాలి. అందుకే మీ ఇంట్లో బొమ్మలు వేస్తూ, కంప్యూటర్‌నూ వదలని పిల్లలుంటే ఇంజనీరింగా, ఫైన్ ఆర్ట్సా అని తేల్చుకోమని తొందరపెట్టకండి. ఫాంట్లు తయారుచేసే ఫాంట్‌ఫోర్జ్ సాఫ్ట్‌వేర్ ఉచితం, రామభద్ర ఫాంటు కూడా ఉచితమే. రెండూ దించుకుని, ఆ ఫాంటును ఆ సాఫ్ట్‌వేర్‌లో తెరిచి, ‘లక్ష్మి’లోని ‘క్ష్మి’ ఎలా తయారవుతోందో వెతకమనండి.