మిల్లీగ్రాము కరివేపాకులో పది పికోగ్రాములు

పురుగుమందుల అవశేషాలు వెతికే ల్యాబుల్లో కరివేపాకు శాంపిల్ వచ్చిందంటే ఎవరికీ పెద్ద సంబరం ఉండదు. టమాటాలో చాలా భాగం నీళ్లే కాబట్టి అందులోంచి మందును బయటికి లాగడం తేలిక. కరివేపాకులో పత్రహరితం దండిగా ఉంటుంది. ఆకు మీద మైనం, లోపల కేరియోఫిలీన్, పైనీన్ లాంటి సుగంధ తైలాలు, వాటికి తోడు కార్బజోల్ ఆల్కలాయిడ్లు. తాలింపులో ఘుమఘుమలాడేవన్నీ యంత్రం దగ్గరికొచ్చేసరికి అడ్డం పడతాయి. ఇంత కలగాపులగంలోంచి కావలసిన ఒక్క పదార్థాన్ని పట్టుకోవడానికి గ్యాస్ క్రొమాటోగ్రఫీని, మాస్ స్పెక్ట్రోమెట్రీని జతచేసి వాడతారు. ల్యాబు భాషలో అది జీసీ-ఎంఎస్.

హైదరాబాద్‌లో పుప్పాలగూడ టవర్ల కింద దుకాణాల్లో ‘పెస్టిసైడ్ ఫ్రీ’ చీటీ అంటించిన ఆకుకూరలకు రెండింతల ధర పెట్టేవాళ్లు ఉన్నారు. ఆ చీటీ మాట తేల్చగల ల్యాబులు మరీ దూరంలో లేవు. రాజేంద్రనగర్‌లో జాతీయ మొక్కల ఆరోగ్య యాజమాన్య సంస్థ ఉంది, ప్రొఫెసర్ జయశంకర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం ఉంది. అవశేషాల పరీక్ష రెండుచోట్లా పాత విద్యే. యూరోపియన్ యూనియన్ మన కరివేపాకును ప్రత్యేక తనిఖీల జాబితాలో పెట్టిన దగ్గర్నుంచీ ఎగుమతిదారులకూ ఈ పరీక్ష తప్పనిదైంది. విడిగా పరిమితి చెప్పని మందులకు అక్కడి గీత కిలోకు 0.01 మిల్లీగ్రాము, అంటే టన్ను ఆకులో 10 మిల్లీగ్రాములు. మన దేశంలోనూ అదే గీత ఉండేది. మసాలా దినుసులు, మూలికల విషయంలో, ఇక్కడ నమోదు కాని మందులకు ఆ పరిమితిని ఆహార భద్రతా ప్రాధికార సంస్థ 2024 ఏప్రిల్‌లో 0.1కి పెంచినప్పుడు గట్టి చర్చే నడిచింది.

అసలు కష్టం యంత్రానికి ముందే ఉంది. ఆకును మెత్తగా రుబ్బి 10 గ్రాములు ట్యూబులో వేస్తారు, 10 మిల్లీలీటర్ల అసిటోనైట్రైల్ పోస్తారు. 4 గ్రాముల మెగ్నీషియం సల్ఫేట్, 1 గ్రాము ఉప్పు కలిపి గట్టిగా ఊపుతారు. మెగ్నీషియం సల్ఫేట్ నీటిని పీల్చుకుంటూ ట్యూబును వేడెక్కిస్తుంది, ఉప్పు ద్రావకాన్ని నీటి నుంచి విడదీస్తుంది, మందు ద్రావకంలోకి చేరుతుంది. 2003లో వెలువడిన ఈ పద్ధతిని క్యూచర్స్ అంటారు. అంతకుముందు బోలెడంత ద్రావకంతో ఒక పూటంతా పట్టే పని ఇప్పుడు అరగంటలో అవుతోంది. ఆకుపచ్చ రంగు పోవడానికి గ్రాఫైట్ కార్బన్ పొడి వేస్తారు. అది కాస్త ఎక్కువైతే పత్రహరితంతో పాటు క్లోరోథలోనిల్ లాంటి మందులనూ మింగేస్తుంది. ఎంత వేయాలన్నది పుస్తకంలో అంకెగా ఉంటుంది గానీ ముదురాకు, లేతాకు తేడా అనుభవం మీద తెలిసేదే.

అలా తేరిన ద్రవంలో ఒక్క మైక్రోలీటరు యంత్రంలోకి వెళుతుంది. అది ఒక మిల్లీగ్రాము ఆకుతో సమానం. ఆకులో మందు సరిగ్గా 0.01 గీత దగ్గరే ఉంటే లోపలికి పోయేది 10 పికోగ్రాములు. గ్రామును లక్ష కోట్ల ముక్కలు చేస్తే అందులో పది. వేడికి ఆవిరైన ఈ మిశ్రమాన్ని హీలియం వాయువు 30 మీటర్ల పొడవు, పావు మిల్లీమీటరు లోపలి వ్యాసం ఉన్న కాలమ్ గుండా తోసుకుపోతుంది. ఓవెన్ వేడి మెల్లగా పెరుగుతుంది. తేలిగ్గా ఆవిరయ్యేవి ముందు, కాలమ్ లోపలి పూతకు అంటుకుంటూ వచ్చేవి తర్వాత బయటపడతాయి. ఏది ఎన్నో నిమిషంలో వచ్చిందన్నదే దాని రిటెన్షన్ టైమ్.

అక్కడ ఎదురుచూసే మాస్ స్పెక్ట్రోమీటర్ ప్రతి అణువునూ 70 ఎలక్ట్రాన్ వోల్టుల ఎలక్ట్రాన్లతో కొట్టి ముక్కలు చేసి, ముక్కల బరువు చూస్తుంది. క్లోర్‌పైరిఫాస్ ఒక క్లోరిన్ పోగొట్టుకుని 314 దగ్గర కనిపిస్తుంది. మూడు క్వాడ్రపోల్‌ల యంత్రమైతే మొదటిది 314ను మాత్రమే రానిస్తుంది, మధ్యలో దాన్ని మళ్లీ పగలగొడతారు, చివరిది 258ని మాత్రమే లెక్కిస్తుంది. సుగంధ తైలాల రొద చాలావరకు అక్కడే ఆగిపోతుంది. రెండు పద్ధతులూ ఎందుకు కలిసి ఉండాలో ఎండోసల్ఫాన్ చెబుతుంది. దాని ఆల్ఫా, బీటా రూపాల ముక్కలు దాదాపు ఒకటే, వాటిని వేరు చేసేది కాలమ్ మాత్రమే. సైపర్‌మెత్రిన్ పక్కపక్కనే నాలుగు పీక్‌లుగా వస్తుంది. కొత్తగా చేరినవాళ్లు వాటిలో ఒకదాన్నే లెక్కగట్టి పొరపడుతుంటారు.

కంప్యూటర్ లైబ్రరీలో మూడు లక్షలకు పైగా పదార్థాల స్పెక్ట్రాలు, అంటే ముక్కల బరువుల పట్టికలు ఉంటాయి, పోలిక శాతం వేసి పేరు చూపిస్తుంది. ఆ పేరును నమ్మి రిపోర్టు రాసేవాడు మంచి కెమిస్టు కాడు. అసలు మందు స్టాండర్డును అదే రోజు, అదే యంత్రంలో నడిపి చూడాలి. రిటెన్షన్ టైమ్ తేడా 0.1 నిమిషం దాటకూడదు, రెండు ముక్కల (అయాన్ల) నిష్పత్తి 30 శాతం అటూఇటూలో ఉండాలి.

స్టాండర్డు విషయంలో ఒక విచిత్రం ఉంది. శుద్ధమైన ద్రావకంలో కలిపిన మందు తక్కువగానూ, ఆకు సారంలో కలిపిన అదే మందు ఎక్కువగానూ కనిపిస్తుంది. యంత్రం ముఖద్వారంలోని గాజు లైనరుకు మందును పట్టి ఉంచే చోట్లు కొన్ని ఉంటాయి. శుద్ధ ద్రావకంలో వచ్చిన మందు అక్కడ కొంత చిక్కుకుంటుంది. ఆకు సారంతో వస్తే ఆ చోట్లను ఆకులోని పదార్థాలే ఆక్రమించేస్తాయి, మందు నష్టపోకుండా సాగిపోతుంది. అందుకని మందు తగలని కరివేపాకు తెచ్చి, దాని సారంలోనే స్టాండర్డులు కలుపుకోవాలి. మందు తగలని కరివేపాకు దొరకడమే సగం పని అని ల్యాబుల్లో నవ్వుకుంటారు. అదే ఆకుకు తెలిసిన మోతాదు కలిపి, పరీక్ష చివర ఎంత తిరిగి వచ్చిందో కూడా చూస్తారు. 70 నుంచి 120 శాతం మధ్య వస్తేనే మిగతా అంకెలకు విలువ.

వెతికేది ఏమిటో తెలిసినప్పుడు ఇదంతా సాగుతుంది. 2020 మే 7న విశాఖపట్నంలో ఎల్జీ పాలిమర్స్ ట్యాంకు నుంచి లీకైంది స్టైరీన్ అని మొదటి గంటల్లోనే తెలుసు. 104 దగ్గర కనిపించే ఆ అణువును జీసీ-ఎంఎస్ సులువుగా పట్టేస్తుంది. గాలిలో, నీళ్లలో ఎంత మిగిలిందన్నదే ప్రశ్న. అదే ఏడాది డిసెంబర్‌లో ఏలూరులో వందల మంది మూర్ఛలతో పడిపోయినప్పుడు ప్రశ్నే తెలియదు. రక్తం, నీళ్లు, కూరగాయలు వేర్వేరు సంస్థలకు వెళ్లాయి. రక్తంలో సీసం, నికెల్ ఉన్నాయని ఎయిమ్స్ ముందు చెప్పింది, పురుగుమందుల అవశేషాలే ప్రధాన కారణమన్న అభిప్రాయం తర్వాత వచ్చింది. జనానికి ఇది తడబాటులా తోచింది. నిజానికి సీసాన్ని చూసే యంత్రం మందును చూడదు, మందును చూసే జీసీ-ఎంఎస్‌కు సీసం కనపడదు.

మందుల్లోనూ అన్నీ దీనికి చిక్కవు. వేడికి చెదరకుండా ఆవిరయ్యేవే గ్యాస్ క్రొమాటోగ్రఫీకి పనికొస్తాయి. ఇమిడాక్లోప్రిడ్, గ్లైఫోసేట్ లాంటివాటికి ద్రవంతో నడిచే ఎల్‌సీ-ఎంఎస్ కావాలి. కాబట్టి దుకాణదారు చూపించే రిపోర్టులో ‘గుర్తించబడలేదు’ అన్న మాట కంటే ముందు ఏ యంత్రం మీద, ఎన్ని మందుల కోసం, ఏ కనీస పరిమాణం వరకు వెతికారో ఉన్న పట్టిక చూడాలి. శాంపిల్ ఏ తేదీన, ఏ లాటు నుంచి తీశారో కూడా అందులోనే ఉంటుంది. ఆరు నెలల కిందటి ఒక్క కట్ట రిపోర్టు ఇవాళ్టి ఆకుకు వర్తించదు.