గురువు నిలబడే చోటు

అనంతపురం పల్లెల చెక్కభజనలో గురువు నడుమ నిలబడి పాట ఎత్తుకుంటాడు, దళం ఆయన చుట్టూ తిరుగుతుంది. చూడవచ్చిన జనం వలయం బయటే ఉంటారు కనుక, అన్ని దిక్కుల నుంచీ తాళం చెవిన పడేది గురువుకే. 1970లలో వచ్చిన క్వాడ్రాఫోనిక్ ఎల్పీలు, ముందు రెండు, వెనక రెండు స్పీకర్లతో, శ్రోతను ఆ నడిమి చోట కూర్చోబెట్టాయి. అదంతా వ్యాపార గారడీ అని కొట్టేసేవాళ్లున్నారు. జాజ్‌లో ఒక రకానికి మాత్రం ఆ చోటు నిజంగా అవసరమని నా వాదన.

కచేరీలో వాద్యగాళ్లు ఎదురుగా ఉంటారు కదా, వీపు వెనక డ్రమ్స్ ఏమిటంటారు. మైల్స్ డేవిస్ ‘బిచెస్ బ్రూ’ 1969 ఆగస్టులో, మూడు రోజుల్లో, న్యూయార్క్ స్టూడియోలో రికార్డయింది. నిర్మాత టియో మాసెరో టేపులు కోసి అతికి, ప్రతిధ్వనులు కలిపి దానికి రూపమిచ్చాడు. ఏ వేదిక మీదా అలా మోగని సంగీతాన్ని వేదిక కొలతతో తూచడం దేనికి? అందులో ఇద్దరు డ్రమ్మర్లు, రెండు బేస్‌లు, కొన్నిచోట్ల మూడు ఎలక్ట్రిక్ పియానోలు. రెండు స్పీకర్లలో అవి ఒకదానినొకటి తొక్కుకుంటాయి. నాలుగు మూలలకు పంచితే ఎవరి మాటకు ఎవరు బదులిస్తున్నారో తెలుస్తుంది. జాన్ మెక్‌లాఫ్లిన్ (తర్వాత మన పాలకొల్లు మాండలిన్ శ్రీనివాస్‌తో కలిసి వాయించినాయనే) 1973లో తెచ్చిన ‘బర్డ్స్ ఆఫ్ ఫైర్’కూ క్వాడ్ ముద్రణ ఉంది. పియానో, బేస్, డ్రమ్స్ మాత్రమే ఉండే ట్రియోకు మాత్రం నాలుగు స్పీకర్లు ఉత్త ఆడంబరం.

సాంకేతిక అభ్యంతరమే గట్టిది. కొలంబియా వారి ఎస్‌క్యూ పద్ధతి నాలుగు చానళ్లను రెండింటిలో ఇమిడ్చింది; సాదా డీకోడర్‌తో ముందుకూ వెనకకూ తేడా 3 డెసిబెల్స్ దగ్గరే ఆగుతుంది. జేవీసీ సీడీ-4 నాలుగింటినీ చక్కగా విడదీస్తుంది. కానీ ఆ విడదీసే సంకేతం 30 కిలోహెర్ట్జ్ వాహక తరంగం మీద నడుస్తుంది, షిబాటా అనే ప్రత్యేకమైన ముల్లు అడుగుతుంది, గాడిలో మురికిని సహించదు. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వానతో సరిపెట్టుకునే ఈ సీమలో, రామగిరి గాలిమరలను తిప్పే ఆషాఢపు గాలి ఇంటింటా దుమ్ము పోస్తుంది. పొడి వాతావరణంలో రికార్డుకు స్థిరవిద్యుత్తు పట్టి ఆ దుమ్మును లాక్కుంటుంది. కనుక ఇక్కడ మామూలు ముల్లుతో సాగే ఎస్‌క్యూయే మేలు, చానళ్ల మధ్య తేడాను పెంచే లాజిక్ సర్క్యూట్ ఉన్న డీకోడర్ తోడుంటే. తాడిపత్రి బండలు పరిచిన గదిలో శబ్దం ఎదురుకొడుతుంది గనక, డీకోడర్ మీద డబ్బు పెట్టేముందు నేల మీద మందపాటి జంపఖానా పరవడం మంచిది.