మజిలీలో మనసు: ‘కాశీయాత్ర చరిత్ర’లో స్థలానుభూతి

ఉపోద్ఘాతం

ఏనుగుల వీరాస్వామయ్య ‘కాశీయాత్ర చరిత్ర’ తెలుగు యాత్రాసాహిత్యంలో తొలి గ్రంథంగా గుర్తింపు పొందింది. చెన్నపట్టణం సుప్రీంకోర్టులో ఇంటర్‌ప్రిటర్‌గా పనిచేసిన వీరాస్వామయ్య 1830 మే 18న బయలుదేరి, 1831 సెప్టెంబరు 3న తిరిగి చెన్నపట్టణం చేరాడు. దారిలో తాను చూసినవీ తెలుసుకున్నవీ మిత్రుడు కోమలేశ్వరపురం శ్రీనివాసపిళ్లెకు రాసి పంపాడు. అవే ఆయన మరణానంతరం 1838లో గ్రంథరూపం పొందాయి. దిగవల్లి వేంకటశివరావు 1941లో వెలువరించిన ప్రతి దీన్ని కొత్త తరం పాఠకులకు అందుబాటులోకి తెచ్చింది.

ఈ గ్రంథాన్ని పరిశోధకులు ఎక్కువగా చారిత్రక ఆధారంగానే వినియోగించుకున్నారు. కుంపిణీ పాలన, నిజాం రాజ్యస్థితి, నాణేల మారకం, ధరలు, కులవృత్తులు, నాటి వాడుకభాష వంటి అంశాలకు ఇది గని వంటిది. అయితే గనిలోంచి ఖనిజాన్ని తీసుకున్నాక మిగిలినదాన్ని వదిలేసినట్టుగా, సమాచారాన్ని ఏరుకున్న తరువాత గ్రంథంలోని ప్రయాణాన్ని పక్కన పెట్టడం జరుగుతున్నది. వీరాస్వామయ్య వచనంలో అనుభూతి లేదనీ, ఉన్నది జాబితా మాత్రమేననీ అనిపించడానికి ఈ పఠనరీతి ఒక కారణం. ఆ అనుభూతి విశేషణాల్లో గాక ప్రయాణవేగంలోనూ, మజిలీ అనే కథనఘటకంలోనూ నిక్షిప్తమై ఉన్నదని నిరూపించడం ఈ వ్యాస లక్ష్యం.

క్షేత్రం నుంచి స్థలానికి

తెలుగు సాహిత్యానికి స్థలానుభూతి కొత్తది కాదు. శ్రీనాథుని ‘కాశీఖండం’లో అగస్త్యుడు వింధ్యగర్వాన్ని అణచడానికి కాశిని విడిచి దక్షిణాపథానికి రావలసి వస్తుంది. ‘భీమఖండం’లో భిక్ష దొరకక కాశిని శపించబోయిన వ్యాసుడు ఆ నగరానికి దూరమై దాక్షారామం చేరుకుంటాడు. రెండు సందర్భాల్లోనూ కవి పలికించినది ఒక రకమైన క్షేత్రవిరహం. మనిషి కోసం మనిషి పడే వేదనను ఊరి కోసం పడే వేదనగా మలచిన ఘట్టాలివి. శ్రీనాథుని పేర ప్రచారంలో ఉన్న చాటువుల్లో మరో పార్శ్వం కనిపిస్తుంది. పలనాటి తిండి, నీరు, ఎండ అక్కడ కవిని చిరాకుపెడతాయి. క్షేత్రం మహిమతో మనసును లోబరుచుకుంటే, ఊరు తన అసౌకర్యంతో దేహాన్ని పట్టుకుంటుంది.

వీరాస్వామయ్య రచన ఈ రెండింటి నడుమ నిలుస్తుంది. ఆయన గమ్యం క్షేత్రమే. స్థలమాహాత్మ్యాల పట్ల ఆయనకు శ్రద్ధ ఉంది. కాని కాగితంపై ఎక్కువ చోటు ఆక్రమించినవి పుణ్యక్షేత్రాలకు నడుమనున్న ఊళ్లు. మాహాత్మ్యం లేని ఊరికి కూడా పేరు, దూరం, నీటివసతి, అంగళ్లు, దారి తీరు అంటూ ఒక నమోదు దక్కింది. స్థలపురాణం లేని ఊరిని చెప్పదగిన ఊరుగా చేసిన వచనమిది. తెలుగులో పవిత్రస్థలానికి ఉన్న గౌరవాన్ని సామాన్యస్థలానికి పంచిన తొలి రచనల్లో దీనిని చేర్చవలసి ఉంటుంది.

మజిలీ: కథనానికి కొలమానం

భౌగోళిక శాస్త్రవేత్త యి-ఫు తువాన్ 1977లో వెలువరించిన గ్రంథంలో విశాలమైన ఆవరణకూ మనిషి తనదిగా భావించే స్థలానికీ భేదం చూపుతూ, స్థలాన్ని విరామంతో ముడిపెట్టాడు. కదలిక ఆగినచోట స్థలం ఏర్పడుతుందన్నది ఆ ప్రతిపాదన సారం. ఈ భావనకు తెలుగులో ముందునుంచీ ఒక మాట ఉంది. అది ‘మజిలీ’. దిగడం, విడిది చేయడం అనే అర్థంగల అరబీ మూలం నుంచి తెలుగు వాడుకలోకి వచ్చిన ఈ పదం ఒకేసారి దూరాన్నీ, కాలాన్నీ, విరామాన్నీ సూచిస్తుంది. ఎన్ని మజిలీలు అని అడిగితే ఎంత దూరమనీ, ఎన్ని రోజులనీ అడిగినట్టే.

మధిర సుబ్బన్న దీక్షితులు ‘కాశీమజిలీ కథలు’ ఈ ఘటకాన్నే కథాచట్రంగా స్వీకరించింది. మణిసిద్ధునితో కాశికి బయలుదేరిన గోపాలుడు మజిలీ చేసినచోట ఒక వింతను చూసి ప్రశ్నిస్తాడు. సిద్ధుడు కథ చెబుతాడు. అక్కడ మజిలీ ద్వారం మాత్రమే. కథ మొదలుకాగానే ఆ ఊరు మరుగున పడి, వేరే లోకం తెరుచుకుంటుంది. వీరాస్వామయ్య వద్ద ఇందుకు విలోమస్థితి ఉంది. మజిలీ మరో కథలోకి తీసుకుపోదు. ఆగిన ఊరే కథ. కాల్పనిక కథనంలో నేపథ్యంగా మిగిలేది ఇక్కడ వస్తువుగా మారింది.

ఆగిన కాలాన్నిబట్టి వచనం విస్తృతి కూడా మారుతుంది. ఒక రాత్రి విడిదికి కొద్ది వాక్యాలు సరిపోతాయి. హైదరాబాదు, కాశి, గయ, కలకత్తా వంటి చోట్ల వర్ణన విస్తరిస్తుంది, లోకరీతిపై విచారణ ప్రవేశిస్తుంది. మతం, ఆచారం, సృష్టి మొదలైన విషయాలపై ఆయన చేసిన తాత్త్విక ప్రసంగాలను ప్రయాణానికి అడ్డుతగిలే అంశాలుగా భావించనక్కరలేదు. నెమ్మదిగా సాగే ప్రయాణం ఆలోచనకు ఇచ్చిన వ్యవధి అది.

విశేషణం లేని అనుభూతి

ఇక్కడ ఒక ఆక్షేపణకు అవకాశం ఉంది. వీరాస్వామయ్య నమోదులు తరువాతి యాత్రికులకు ఉపయోగపడే సమాచారమే తప్ప భావప్రకటన కాదని, వాటిలో అనుభూతిని చూడడం విమర్శకుని అతివ్యాఖ్య అని అనవచ్చు. ఆనందాశ్చర్యాలను ఆయన విరివిగా వ్యక్తీకరించడన్నంతవరకు ఈ ఆక్షేపణ సమంజసమే. అయితే అనుభూతి అంటే ఉద్వేగప్రకటన మాత్రమే అనుకున్నప్పుడే అది నిలబడుతుంది.

వందమంది దాకా పరివారంతో ఊరు చేరిన మనిషికి మంచినీటి బావి ఉన్నదన్న వాక్యం కేవల సమాచారం కాదు. అందులో ఊరట ఉంది. అంగళ్లు లేవన్న వాక్యంలో మరునాటి వంట గురించిన దిగులు ఉంది. మే నెలాఖరులో ఉత్తరానికి సాగిన యాత్ర కనుక వర్షకాలం దారిలోనే ఎదురైంది. బురద, ఇసుక, రాతినేల, ఏరు దాటవలసిన రేవు అనే మాటలు పదేపదే రావడంలో దేహం భూమితో నెరపిన సంభాషణ వినిపిస్తుంది. నేటి పాఠకునికి విసుగు కలిగించే ఈ పునరుక్తి నిజానికి గ్రంథపు లయ. ఒక్కొక్క నమోదును విడిగా చదివితే అది జాబితా. వరుసగా చదివితే ప్రతి సాయంత్రం ఒక కొత్త ఊరిని ఆశ్రయంగా మార్చుకోవలసిన మనిషి ఆదుర్దా, తృప్తి క్రమంగా రూపుకడతాయి.

నెమ్మదికి మూల్యం

ఈ నెమ్మదిని ఆదర్శీకరించే ముందు ఒక వాస్తవాన్ని గుర్తించాలి. వీరాస్వామయ్య పల్లకిలో ప్రయాణించాడు. ఆయన చూపుకు దొరికిన తీరిక బోయీల భుజాల మీద నిలిచింది. దారి మెత్తనిదా, రాతిదా అన్న ప్రశ్న ముందుగా పల్లకి మోసేవారి పాదాలది. ఆ జ్ఞానం వారి నడక ద్వారా పల్లకిలోని వ్యక్తికి చేరి, ఆయన కలం ద్వారా గ్రంథస్థమైంది. కనుక గ్రంథంలోని భూస్పర్శకు కర్త ఒక్కడే కాదు. రాసినవాడు ఒకడు, నడిచినవారు అనేకులు. మజిలీ సైతం ఇద్దరికీ ఒకటి కాదు. ఒకరికి అది పరిశీలనకు దొరికిన సమయం, మరొకరికి బరువు దింపుకొనే క్షణం. ఈ రెండో అర్థం గ్రంథంలో స్వయంగా మాట్లాడదు. దారి వర్ణనల అడుగున ఉన్న ఆ మౌనాన్ని వినడం నేటి విమర్శ బాధ్యత.

గ్రంథం అచ్చయిన 18 ఏళ్లకు, 1856లో, చెన్నపట్టణపు రాయపురం నుంచి ఆర్కాటు వైపు రైలు నడిచింది. ఆ తరువాత ప్రయాణానికి కొలమానం మజిలీ నుంచి స్టేషనుకు మారింది. రైలు ఆగేచోట్లు ముందే నిర్ణయమై ఉంటాయి, నడుమనున్న ఊళ్లు కిటికీ దృశ్యాలవుతాయి. తరువాతి యాత్రారచనలో అనుభూతి విశేషణాల వైపు మొగ్గడానికి ఇది ఒక కారణం కావచ్చు. నాయని కృష్ణకుమారి ‘కాశ్మీర దీపకళిక’లో కవితాత్మకమైన వచనం స్థలసౌందర్యాన్ని నేరుగా పలికిస్తుంది. మాచవరపు ఆదినారాయణ ‘భ్రమణకాంక్ష’లో కాలినడక తిరిగి కేంద్రానికి వచ్చింది. అక్కడ నడిచేవాడూ రాసేవాడూ ఒక్కడే. వీరాస్వామయ్య రచనలో రెండుగా చీలిన కర్తృత్వం అందులో ఏకమైంది.

ముగింపు

‘కాశీయాత్ర చరిత్ర’ నుంచి పాఠ్యభాగాలను ఎంచుకొనేటప్పుడు మహానగరాల వర్ణనలను స్వీకరించి, చిన్న మజిలీల నమోదులను పునరుక్తిగా భావించి విడిచిపెడితే విద్యార్థికి దక్కేది గమ్యాల పట్టిక మాత్రమే. ప్రయాణం దక్కదు. వరుసగా పది మజిలీలనైనా ఏకబిగిన చదివించినప్పుడే ఈ వచనం నడిచే తీరు బోధపడుతుంది. మాహాత్మ్యం లేని ఊళ్లకు, పేరు నమోదుకాని బోయీలకు ఈ గ్రంథంలో ఉన్న చోటు ఆ నడకలోనే కనిపిస్తుంది.