చీటీ మీద ఎవరి పేరు? ఆక్స్‌ఫర్డ్ మ్యూజియాల గురించి

ఆక్స్‌ఫర్డ్ చూసొచ్చిన మనవాళ్ళు గ్రంథాలయాల గురించీ గోపురాల గురించీ చెప్తారు. మేం మాత్రం చీటీలు చదివాం. మ్యూజియంలో వస్తువు పక్కన చిన్న చీటీ వుంటుంది గదా, అది. రెండు రోజులు అవే చదివితే, మన దేశాన్ని ఆ వూరు ఎట్లా సర్దిపెట్టిందో అర్థమైంది. ఆ సర్దుబాటు మాకు కొత్తగా అనిపించలేదు. అగ్రహారం, వూరు, వాడ ఎరిగినవాళ్ళం.

ముందు బ్రాడ్ వీధి మూలనున్న ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ పాత భవనం. 1883లో శంకుస్థాపన జరిగింది. కట్టించింది మోనియర్ విలియమ్స్, బోడెన్ సంస్కృత పీఠంలో ప్రొఫెసర్. లోపల ఒకప్పుడు మన దేశపు వస్తువుల మ్యూజియం కూడా వుండేది. ఇప్పుడది లేదు, ఫలకం మాత్రం వుంది. సంస్కృతంలో చెక్కారు. ప్రాచ్య శాస్త్రాల కోసం, ఆర్యుల వుపయోగం కోసం ఈ శాల అని దాని భావం. ఆర్యులంటే ఎవరని ఎవరికీ అనుమానం రాకుండా, ఇంగ్లీషు అనువాదంలో భారతీయులూ ఇంగ్లీషువాళ్ళూ అని విప్పి చెప్పారు. ఏలేవాడూ, ఏలబడేవాళ్ళలో పైవాడూ ఒకే కుదురని బాహాటంగా రాసుకున్నారన్నమాట. దీనికి పదేళ్ళ ముందే, 1873లో, ఫూలే 'గులాంగిరి' వచ్చింది. ఆర్యులు బయటినుంచి వచ్చి జనాన్ని బానిసల్ని చేశారని ఆయన వాదించారు. (అంబేద్కర్ తర్వాత ఆర్యజాతి సిద్ధాంతాన్నే తోసిపుచ్చారు, ఆ చర్చ వేరు.) ఫూలే చెప్పిన శూద్రాతిశూద్రులు ఈ ఫలకం లెక్కలో ఎక్కడున్నారు? భారతీయులు అన్న మాటలో వున్నారని ఎవరైనా అంటే మేం నమ్మం.

ఆ బోడెన్ పీఠం కథ ఇంకా తమాషా. బొంబాయి సైన్యంలో పనిచేసిన ఒక కల్నల్ రాసిచ్చిన డబ్బుతో 1832లో మొదలైంది. సంస్కృతం నేర్చుకుంటే మన దేశస్థుల్ని క్రైస్తవంలోకి తేవచ్చని ఆయన ఆశ. తెలుగు నేలమీద జరిగింది చూడండి. 1878 జులై 3న ఒంగోలు ప్రాంతంలో గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఎక్కువమంది మాదిగలు. వాళ్ళ మధ్య ముందుగా సువార్త చెప్పిన యెర్రగుంట్ల పేరయ్యా మాదిగే. సంస్కృతం ముక్కతో ఎవరికీ పనిపడలేదు.

ఇక ఆష్మోలియన్. 1683లో తెరిచిన మ్యూజియం. ఇక్కడ మన దేవుళ్ళు 'కళ'. మంచి వెలుతురు, చుట్టూ ఖాళీ, నిలబడి చూడ్డానికి చోటు. ఇందులోకి చేరిన తిరుమంగై ఆళ్వార్ కంచు విగ్రహం 16వ శతాబ్దిది. 1967లో లండన్ వేలంలో కొన్నారు. అది కుంభకోణం దగ్గరి గుళ్ళో వుండగా 1957లో తీసిన ఫొటో పాండిచ్చేరి ఫ్రెంచి సంస్థలో దొరికింది. భారత ప్రభుత్వం అడిగింది, 2024 మార్చిలో విశ్వవిద్యాలయ మండలి తిరిగివ్వడాన్ని సమర్థించింది. దొంగసొత్తు వెనక్కి రావాల్సిందే, అందులో మాకు పేచీ లేదు. కానీ ఒక్కటి గమనించాలి. ఆ విగ్రహం ఎవరిది అన్న ప్రశ్నకు జవాబు వెంటనే దొరికింది. గుడి వుంది, ఫొటో వుంది, అడగడానికి రాయబార కార్యాలయం వుంది. ఆ ఫొటో తీసేనాటికి మద్రాసు రాష్ట్రంలో 1947 ఆలయ ప్రవేశ చట్టం వచ్చి పదేళ్ళే.

మూడోది పిట్ రివర్స్. జీవశాస్త్ర మ్యూజియం గుండా నడిచి, దాని వెనక తలుపులోంచి పోవాలి. జంతువుల ఎముకలు దాటాక 'ఆదిమ' మనుషులు వస్తారు. 1884లో ఒక జనరల్ ఇచ్చిన వస్తువులతో మొదలైంది. లోపల మసక చీకటి. అద్దాల బీరువాలు కిక్కిరిసి వుంటాయి. దేశాల వారీగా కాదు, రకాల వారీగా పెట్టారు: కుండలన్నీ ఒకచోట, వాద్యాలన్నీ ఒకచోట. సులువైనదాన్నుంచి క్లిష్టమైనదానికి మనిషి ఎదిగాడని చూపించడం ఆ జనరల్ వుద్దేశం. చీటీల మీద చేతిరాత. సేకరించినవాడి పేరో ఇచ్చినవాడి పేరో వుంటుంది. చేసినవాళ్ళ పేరు కనిపించడం అరుదు.

నాగా వస్తువుల దగ్గర ఒక పేరు పదే పదే వస్తుంది: హట్టన్. నాగా కొండల్లో ఐసిఎస్ అధికారి. ఈ పేరు మనకు ఇంకో దారిన తెలుసు. 1931 జనగణన కమిషనర్ ఈయనే. అంటరాని కులాల్ని 'బాహ్య కులాలు' అని రాసింది ఈయనే. కొండమీదివాళ్ళ వస్తువుల్ని బీరువాకి పంపిన చెయ్యే మనల్ని వెలుపలి గడిలో రాసింది. తర్వాత కేంబ్రిడ్జిలో ప్రొఫెసరై కులం మీద పుస్తకమూ రాశాడు. మన విద్యార్థులు ఇప్పటికీ దాన్ని ఆధార గ్రంథంగా చూపిస్తుంటారు. చూపించేటప్పుడు ఈ బీరువా కూడా గుర్తుంటే బాగుంటుంది.

నాగాలు వూరుకోలేదు. 2020లో ఈ మ్యూజియం మానవ అవశేషాల్ని ప్రదర్శన నుంచి తీసేసింది. అదే ఏడాది నుంచి నాగా పెద్దలు, పరిశోధకులు వూరూరా జనంతో మాట్లాడటం మొదలుపెట్టారు. 2024 అక్టోబరులో ఆక్స్‌ఫర్డ్‌షైర్‌లోనే ఒక వేలంలో నాగా పుర్రెను అమ్మకానికి పెడితే, నిరసనలొచ్చాక వెనక్కి తీసుకున్నారు. 2025 జూన్‌లో నాగాలే వచ్చి తమ పూర్వీకుల అవశేషాల్ని కళ్ళారా చూసి, తిరిగి తీసుకెళ్తామని ప్రకటన చేశారు. ఎవరికి, ఏ వూరికి, ఏ పద్ధతిలో ఇవ్వాలన్నది వాళ్ళే మాట్లాడుకుంటున్నారు.

మరి మన వస్తువుల్ని ఎవరు అడుగుతారు? ఆ వాద్యాల బీరువా ముందు నిలబడి మేం వాదించుకున్నాం. అక్కడ డప్పు పెడితే చీటీ మీద ఏం రాస్తారు? తోలు, కొయ్య, దక్షిణ భారతం, ఫలానా దొర ఇచ్చింది. మాలో కొందరు 'మాదిగ' అని రాయాల్సిందే, పనితనం ఎవరిదో తెలియాలి అన్నారు. ఇంకొందరు ఒప్పుకోలేదు. మనిషి పేరు లేకుండా కులం పేరొక్కటే వేస్తే హట్టన్ చేసిందానికీ దీనికీ తేడా ఏంటన్నారు. మూసే వేళైందని గార్డు వచ్చేదాకా తెగలేదు. బయటికొచ్చి బస్సులో కూడా అదే మాట.